బరువు మోసే కుట్టు

పత్తి రెండో తీత అయిపోయి మిర్చి కోతలు ఊపందుకునే లోపు ఖమ్మం జిల్లాలోని మా ఏన్కూరులో కొన్ని మధ్యాహ్నాలు ఖాళీగా దొరుకుతాయి. చలి ఇంకా పూర్తిగా పోదు, ఎండ వీపుకు హాయిగా తగులుతుంది. నేను బొంత ముందేసుకునేది అప్పుడే. బజారులో మెత్తటి రగ్గులు చవగ్గా దొరుకుతుంటే ఈ తిప్పలెందుకని ఇంట్లోవాళ్లు అడిగీ అడిగీ మానేశారు. కుట్టడం తెలిసినవాళ్లు మాత్రం ఆ మాట అనరు. వచ్చి పక్కన కూర్చుని, అంచు ఎత్తి చూసి, "లోపల ఏం చీరలు పెట్టినవ్ వదినా?" అంటారు.

అడగాల్సింది అదే. ఏళ్ల తరబడి ఉతికిన నూలు చీరలు పొర మీద పొర వేస్తే ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి. పాలిస్టర్ చీరకు ఆ గుణం లేదు. నాలుగు మూలలా రాళ్లు పెట్టినా జారిపోతుంది. పైకి చదునుగానే కనిపిస్తుంది, తిప్పి చూస్తే కింది పొర గుట్టలు గుట్టలుగా ముడతపడి ఉంటుంది. ఇప్పుడు ఏ ఇంట్లో చూసినా పాత చీరలంటే అవే. నూలువి కావాలంటే ముసలమ్మల ట్రంకు పెట్టెలు వెతకాలి. దొరికిన నూలు చీరల్ని నేను మధ్యలోకి దాచుకుంటాను, పాలిస్టర్‌ను పైకీ కిందికీ పంపేస్తాను. టాకాలు దగ్గర దగ్గరగా వేస్తే అది కూడా చెప్పినట్టు వింటుంది.

నడుమ నుంచి అంచులకు టాకాలు వేసుకుంటూ పోవడం మా ఇంటి పద్ధతి. కర్ణాటకలో యల్లాపూర్, హళియాళ అడవుల్లో ఉండే సిద్దీ తెగ ఆడవాళ్లు దీన్ని పూర్తిగా తిరగేస్తారు. బొంత అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ తిరుగుతూ నడుమకు చేరతారు. నాలుగు మూలల్లో చిన్న చిన్న ముక్కల్ని త్రికోణంగా మడిచి ఒకదాని మీద ఒకటి కుడతారు. వాటిని ఫూలా అంటారు, అంటే పువ్వు. అవి లేని బొంత వాళ్ల లెక్కలో ఒంటి మీద బట్ట లేని బొంత. బొంతను ఎవరైనా లాగేది, దులిపేది, ఆరేసేటప్పుడు గుంజేది మూలలు పట్టుకునే కదా. ఆ పువ్వు అక్కడే పూయడం వెనక ఉన్న లెక్క నాకు బాగా నచ్చింది.

మూలల తర్వాత ముందుగా చిరిగేవి భుజాల వైపు, పాదాల వైపు. అక్కడ నేను గొంగడి ముక్కలు వేస్తాను. గొంగడి అంటే దక్కనీ గొర్రె ఉన్నితో చేసే కంబళి. కురుమల ఇళ్లలో ఆడవాళ్లు వడికితే, మగవాళ్లు గుంట మగ్గం మీద నేసేది. నేతకు ముందు పోగులకు చింతగింజల గంజి పట్టిస్తారు కాబట్టి కొత్త గొంగడి అట్టలా బిగుసుకుని ఉంటుంది. వాడగా వాడగా మెత్తబడుతుంది. చిరిగి మూలపడిన గొంగడి దొరికితే నేను దాన్ని వేడినీళ్లలో వేసి, కుంకుడు పులుసు పోసి, బండ మీద బాగా పిసుకుతాను. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే ఉన్ని పోగులు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని గుడ్డ దగ్గరపడుతుంది. దక్కనీ ఉన్ని ముతక, అందువల్ల మరీ ఎక్కువ దగ్గరపడదు గానీ, కత్తెర పెడితే అంచు పీచులు పీచులుగా ఊడిపోకుండా ఉండడానికి ఆ మాత్రం చాలు.

ఉన్నితో కుట్టేవాళ్లకు ఇంతకు మించిన వరం లేదు. నూలు ముక్కను అతికించాలంటే అంచు లోపలికి మడవాలి, ఆకు మొన దగ్గర, పిట్ట ముక్కు దగ్గర ఆ మడత లావై ప్రాణం తీస్తుంది. ఉన్ని ముక్కకు మడత అక్కర్లేదు. కత్తెర ఎలా తిరిగితే బొమ్మ అలా వస్తుంది, చుట్టూ కాజా కుట్టు వేస్తే సరి. బొమ్మలు మొరటుగా ఉంటాయి, నిజమే. నా నెమలిని చూసి కోడి అన్నవాళ్లున్నారు. కానీ ఆ మొరటుతనం ఊరికే రాలేదు. లావు ఉన్ని, లావు దారం, దబ్బనం, వీటితో సన్నటి ముక్కు, సన్నటి కాలు నిలవవు, మొదటి ఉతుకుకే ఊడతాయి. నిలిచే ఆకారాలే మిగిలాయి.

గొర్రె సంగతి కూడా చెప్పాలి. మాంసం గిరాకీ పెరిగాక మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు వచ్చాయి. నెల్లూరు గొర్రెకు ఒంటి నిండా వెంట్రుకే తప్ప కత్తిరించి వడకడానికి ఉన్ని ఉండదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున సబ్సిడీ మీద పంచినప్పుడు కూడా అందరూ మాట్లాడుకున్నది మాంసం గురించే. నల్ల గొంగడి దొరకడం రాను రాను కష్టమవుతోంది. అందుకే చిరిగిందని ఎవరైనా పారేస్తుంటే నాకు కబురు పెట్టమని చెప్పుకుంటూ తిరుగుతాను.

పాత ఉన్ని ముక్కలు కత్తిరించి కుట్టే ఇలాంటి పని అమెరికాలోనూ ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి పల్లెల ఆడవాళ్లు పాత కోట్లు, దుప్పట్లు కత్తిరించి, ఉన్ని మీద పెన్నీ నాణెం పెట్టి చుట్టూ గీసి బిళ్లలు చేసేవాళ్లు. పెద్ద బిళ్ల మీద చిన్న బిళ్ల, దాని మీద ఇంకా చిన్నది, చుట్టూ కాజా కుట్టు. పెన్నీ రగ్గులని పేరొచ్చింది. గీయడం అయ్యాక నాణెం మళ్లీ సంచిలోకి వెళ్లిపోయేది. మా చుట్టుపక్కల తండాల్లో లంబాడీ అవ్వలు నాణేన్నే గుడ్డకు కుట్టేశారు. పాత రూపాయి బిళ్లలు, అర్ధరూపాయిలు కొక్కెం అతికించి కాంచళి అనే రవికెకు, టుక్రీ అనే పైటకు వేలాడదీశారు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సైన్యాల వెంట దక్కనంతా తిరిగిన జాతికి ఒంటి మీది బట్టే బీరువా. అలాంటి కుట్టు తెగితే పోయేది సొమ్ము.

పక్క తండాలో ఒక అవ్వ అద్దం కుడుతుంటే దగ్గర కూర్చుని చూశాను. అద్దానికి రంధ్రాలుండవు, మరి సూది ఎక్కడ దిగుతుంది? ఎడమ బొటనవేలితో అద్దాన్ని గుడ్డ మీద నొక్కిపట్టి, ఒక అంచుకు దగ్గరగా అడ్డంగా ఒక దారం, అవతలి అంచుకు ఇంకో దారం తీసింది. ఆ రెంటినీ చుట్టుకుంటూ నిలువుగా రెండు. మళ్లీ ఐమూలగా నాలుగు. అద్దం మీద చిన్న కిటికీ తయారైంది. తర్వాత సూదిని ఆ కిటికీ దారం కిందుగా దూర్చి, అద్దం అంచున గుడ్డలో దించి, ఉచ్చులోంచి పైకి లాగింది. ఒక్కో లాగుడుకు కిటికీ దారాలు అంచుల వైపు జరిగాయి, చుట్టు తిరిగేసరికి మధ్యలో గుండ్రంగా అద్దం తెరుచుకుంది. "అద్దాన్ని ఒత్తి పట్టకు బిడ్డా, దారమే పట్టుకుంటది" అంది. ముడి వేశాక గుడ్డను తిరగేసి నేలకేసి చరిచింది. అద్దం కదల్లేదు. చుట్టకుదురుకు గవ్వలు కుట్టినా ఇదే పరీక్ష అట. దాని మీద నిండు బిందె కూర్చోవాలి మరి.

కొత్తగూడెం, మణుగూరు దాటి అడవిలోకి పోతే కోయల పడిగెలు. పొడుగాటి త్రికోణపు గుడ్డ, దాని మీద రంగు గుడ్డల్లోంచి కత్తిరించి కుట్టిన మనుషులు, జంతువులు. కొలుపుల్లో డోలి కోయలు పడిగెను విప్పి, బొమ్మ బొమ్మకూ కథ చెబుతూ ఆ వంశం ఎక్కడ పుట్టింది, ఏ గట్టుది అంటే ఏ గోత్రానిది, ఇలవేల్పు ఎవరు అన్నది పాడతారు. మణుగూరు దగ్గరి కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ పాటను కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మల కథగా వినిపించినవాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్‌లో పోయాడు. ఆచార్య జయధీర్ తిరుమలరావు ఏళ్ల తరబడి ఊరూరా తిరిగి పోగుచేసిన 'ఆద్యకళ' సేకరణలో ఇలాంటి పడిగెలకూ చోటు దక్కింది. పడిగె మీద బొమ్మలు గీయొచ్చు కదా, కుట్టడం ఎందుకు? నాకు తోచిన కారణం దాన్ని మోయడమే. పడిగెను చుడతారు, మడుస్తారు, ఊరేగిస్తారు, మంచులో ఎండలో నిలబెడతారు. మడత దగ్గర రంగు పగులుతుంది, కుట్టిన ముక్క పగలదు. వంశం కథంతా మోయాల్సిన గుడ్డ కదా.

ఇక బేరం సంగతి. బళ్లారి పక్కన సండూరు లంబాడీ కుట్టుకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023 జులైలో హంపీలో జీ20 సమావేశం జరిగినప్పుడు నాలుగు వందల యాభై మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1755 వస్తువులు ఒకచోట పెట్టి గిన్నిస్ రికార్డు కూడా కొట్టారు. సంతోషమే. కానీ నగరాల ఎగ్జిబిషన్లలో అమ్మే "ట్రైబల్" దిండు గలీబులు తిప్పి చూస్తే వెనకవైపు దారమే ఉండదు, అద్దాలన్నీ గమ్ముతో అంటించినవి. అసలు తల పెట్టుకునే చోట అద్దాలేమిటో, ఆ దిండు మీద పడుకున్నవాళ్ల చెంపల్ని అడగాలి. అమెరికాలో ఇప్పుడు పెన్నీ రగ్గులకు పాతకాలపు పోలిక కోసం కొత్త ఉన్నిని టీ డికాక్షన్‌లో ముంచి మరకలు తెప్పిస్తారట. ఎవరి సరదా వారిది. మా ఇంట్లో టీ మరక వదిలించడానికే సబ్బులు అరుగుతున్నాయి.

మా మేనకోడలు ఖమ్మం నుంచి ఫోన్ చేసింది. "అత్తా, నీ గొంగడి పిట్టలతో గోడకు తగిలించేది ఒకటి కుట్టివ్వు, హాల్లో బాగుంటుంది" అని. కుట్టి ఇస్తానన్నాను గానీ గోడకు ఇవ్వనన్నాను. వాళ్ల నాన్న రోజంతా కూర్చునే ప్లాస్టిక్ కుర్చీకి పరుపులా వేయమన్నాను. పిట్టల్ని వెనక్కి ఆనుకునే చోట పెట్టి, కూర్చునే చోట ఒత్తుగా బిళ్లలు కుట్టాను. ఆయన మనిషి బరువైనవాడు. వచ్చే వానాకాలానికి ఏ బిళ్ల దగ్గర దారం తెగిందో చూసి చెప్పమన్నాను, అక్కడ ఇంకో ముక్క వేస్తాను.