విప్పకండి, తుడవండి

ఈ వారం అమలాపురం నుంచి ఒక పాఠకుడు ఫోన్ చేశారు. వాళ్లబ్బాయి ఎన్‌సీసీలో తుపాకీ పట్టి, ఆ రుచి మరిగి, రైఫిల్ క్లబ్బులో చేరి, లైసెన్సు తెచ్చుకుని, కొత్త పాయింట్ టూ టూ రైఫిల్ కొనుక్కున్నాడు. తెచ్చిన రాత్రే దుప్పటి పరిచి మొత్తం విప్పేశాడు. ట్రిగ్గర్ దగ్గరి స్ప్రింగ్ ఒకటి ఎగిరి ఎక్కడో పడింది. "కొత్త తుపాకీని విప్పి కడిగితేనే మంచిదని ఎవరో చెప్పారంటండి, నిజమేనా మాస్టారూ?" అని అడిగారు.

కాదండి. ఆ ట్రిగ్గర్‌ని లైసెన్సున్న గన్‌స్మిత్ బిగించి చూసేదాకా ఒక్క తూటా కూడా ఎక్కించొద్దని బాబుకి గట్టిగా చెప్పండి అన్నాను.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పోరు తెలుసు. నడుస్తున్న గోడగడియారాన్ని విప్పొద్దన్నాను, పాడే హార్మోనియంని విప్పొద్దన్నాను. తుపాకీ విషయంలో ఆ మాట నాకు నేర్పింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ఎన్‌సీసీలో మా ఉస్తాద్. ఆయనది హర్యానా. తెలుగు రాదు, మాకు హిందీ అంతంతే. అయినా ఆయన చేతులు చూస్తే పాఠం అర్థమైపోయేది. ముందు మూతి ఎవరూ లేని వైపుకి తిప్పేవారు. తూటాలు దూరంగా పెట్టించేవారు. మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, చాంబర్‌ని వెలుతురుకి పట్టి చూసేవారు. తను చూస్తే సరిపోదు, పక్కవాడూ చూసి "ఖాళీ" అనాలి. ఆ మాట వినపడ్డాకే బోల్టు బయటికి వచ్చేది. ఆయన విప్పడం అంతటితో సరి. మరో స్క్రూ ముట్టుకోనిచ్చేవారు కాదు.

తర్వాత పుల్‌త్రూ. తాడు చివర బరువు, ఇంకో చివర కంతలో చిందీ. గుడ్డముక్కని మేమంతా చిందీ అనే అనేవాళ్లం. బరువుని చాంబర్ వైపు నుంచి వదిలి, మూతి వైపు నుంచి లాగాలి. తిన్నగా లాగాలి. తాడు పక్కకి వాలితే మూతి అంచుని ఒరుసుకుంటుంది. తూటా ఆఖరుగా వదిలేది ఆ అంచునే. అక్కడ ఒక పక్క అరిగితే గురి పోయినట్టే. ఒకడు వంకరగా లాగితే ఉస్తాద్ వచ్చి వాడి మణికట్టు పట్టుకుని, గొట్టానికి సూటిగా తిప్పి, మళ్లీ మొదటి నుంచి లాగించారు. తిట్టలేదు. ఆ పట్టు నాకిప్పటికీ గుర్తు.

ఇప్పుడు కొత్త తుపాకీ సంగతి. కంపెనీవాళ్లు తుప్పు పట్టకుండా లోపల నూనె పట్టించి పంపుతారు. పేల్చేముందు ఆ నూనె తీసేయాలి. పొడి చిందీలు రెండు మూడు, చివరిది శుభ్రంగా వచ్చేదాకా. అంతే. పాయింట్ టూ టూ తూటా మెత్తటి సీసం, పైన మైనపు పూత. అది గొట్టాన్ని అరగదీసేది చాలా తక్కువ. అడ్డదిడ్డంగా రాడ్ దూర్చి పాడుచేసిన గొట్టాలే ఎక్కువ. పైగా మరీ శుభ్రం చేసిన గొట్టం మళ్లీ కుదురుకోడానికి కొన్ని తూటాలు పడతాయి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ తూటాతోనే. ఆ స్థాయిలో గుండు అర మిల్లీమీటరు పక్కకి పోయినా లెక్కలోకి వస్తుంది.

ఇంకొక్క జాగ్రత్త. ఈ తూటాలో నిప్పు పుట్టించే మసాలా అడుగున అంచు మడతలో ఉంటుంది, పిన్ను కొట్టేది ఆ అంచుని. తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కితే కొన్ని తుపాకుల్లో పిన్ను చాంబర్ అంచుకే తగులుతుంది. అక్కడ నొక్కు పడితే ఖాళీ డొప్ప బయటికి రానని మొరాయిస్తుంది.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ రాజోలు వైపు మా బంధువులింట్లో చూసిన పాత పాయింట్ టూ టూ గుర్తొచ్చింది. ఆ ఇంటి పెద్దాయన నాకంటే పట్టుదల మనిషి, ఏనాడూ స్క్రూ ముట్టుకోలేదు. గొట్టం లోపల తళతళలాడుతోంది. గన్‌స్మిత్ వచ్చి అడుగు స్క్రూలు రెండూ తీసి గొట్టాన్ని మోసే కర్ర విడదీస్తే, దాని కింద గొట్టం పొడుగునా ఎర్రటి తుప్పు, వేలితో రాస్తే పొరలుగా లేచింది. కర్ర ఏళ్ల తరబడి వానాకాలం తడి పీల్చుకుని ఇనుముకి అందించింది. కళ్లకి కనపడే చోటంతా తుడిచారు, కనపడని చోట తుపాకీని తుప్పు తినేసింది.

అందుకే నా మాట సగం వెనక్కి తీసుకుంటున్నాను. చలిదేశాల్లో రాసిన పుస్తకాలు మన అంతర్వేది ఉప్పుగాలికి సరిపోవు. గొట్టం లోపలి పని తగ్గించండి, బయటి పని పెంచండి. ముట్టుకున్న ప్రతిసారీ చేతి చెమట తుడిచి, పల్చగా తుపాకీ నూనె రాయండి. కొబ్బరినూనె వద్దు. ధనుర్మాసం పొద్దుల్లో సీసాలో గడ్డకట్టే నూనె బోల్టులోనూ గడ్డకడుతుంది, పిన్ను దెబ్బ మెత్తబడి తూటా పేలదు. సంచీలో పెట్టి బీరువాలో పడేయకండి, సంచీ గుడ్డ తడి పట్టి ఉంచుతుంది. తాళం వేసిన పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, అవి తడిసినప్పుడల్లా మార్చండి.

తుపానుల జోరు తగ్గాక, డిసెంబరులో, ఏడాదికి ఒక్కసారి కర్ర విడదీయించండి. ఇంట్లో కాదు, టార్క్ రెంచి ఉన్న గన్‌స్మిత్ దగ్గర. కర్ర స్క్రూల బిగువు మారితే గురి మారుతుంది కాబట్టి కంపెనీ చెప్పిన బిగువుకే బిగించమనండి, తర్వాత రేంజిలో జీరో మళ్లీ సరిచూసుకోండి. కోనసీమలో లైసెన్సు తుపాకీ ఉన్న ప్రతి ఇంటికీ నా మనవి ఇదొక్కటే: ఈ డిసెంబరు దాటనివ్వకుండా ఆ కర్ర కింద ఏముందో చూపించుకోండి.