పులిరాజా తర్వాత ఏమైంది?

మాది పి.గన్నవరం. వైనతేయ గోదావరి మీదుగా కాలవ నీళ్ళని అవతలి ఊళ్ళకి మోసుకుపోయే అక్విడెక్టు ఉన్న ఊరు. 2003లో నేను తొమ్మిదో తరగతి. ఆ రోజుల్లో ఉన్నట్టుండి గోడల మీదా, బస్సుల వెనకా, హోర్డింగుల మీదా ఒకటే ప్రశ్న మొదలైంది. పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా? ఎవరు రాయించారో, ఈ పులిరాజా ఎవడో మొదట్లో ఎవరికీ తెలీదు. రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ వాళ్ళ ప్రచారం అని తర్వాత తెలిసింది. ఈలోపు మా క్లాసులో ఇద్దరికి ఆ పేరు పడిపోయింది. ఒకడికి ఇప్పటికీ ఊళ్ళో అదే పేరు. వాడి పెళ్ళికార్డు చూస్తే గానీ అసలు పేరు గుర్తు రాలేదు నాకు.

ఒక రచనగా చూస్తే ఆ ప్రశ్న చాలా గట్టిది. ఈ పాతికేళ్ళలో అంతమంది చదివిన తెలుగు వాక్యం ఇంకోటి ఉంటుందా అని నా అనుమానం. ఒక మగాడు, పేరులో పులి, చివర్లో రాజా. జవాబు చెప్పకుండా వదిలేసిన కుతూహలం. అయితే అందులో ఉన్న క్రియ చూడండి. వస్తుందా? రాదా? అంతే. వచ్చాక ఏమిటి అన్నది ఆ వాక్యం పరిధిలో లేదు. ప్రచారం పని జబ్బు రాకుండా చూడటం కాబట్టి దాన్ని తప్పు పట్టలేం. నా గొడవల్లా సాహిత్యంతోనే. కథలూ సినిమాలూ కూడా అదే ప్రశ్న దగ్గర ఎందుకు ఆగిపోయాయి?

ఇక్కడ నా సొంత కథ ఒకటి చెప్పాలి.

మా వీధిలో ఒకావిడ ఉండేది. నేను అత్తా అని పిలిచేవాణ్ణి. కోనసీమ నుంచి ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళడం మాకు కొత్త కాదు. 2006లో అత్త కూడా బయల్దేరింది. ఏజెంటుకి డబ్బు కట్టి, పాస్‌పోర్ట్ తీసుకుని, గల్ఫ్ మెడికల్ కోసం హైదరాబాద్ వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు చేతిలో ‘అన్‌ఫిట్’ అని రాసిన కాయితం ఉంది. ఆ మాటకి అర్థం చెప్పినవాడు డాక్టర్ కాదు, ఏజెంటు. వాడు చెప్పాడంటే ఊరంతా చెప్పినట్టే.

ఆవిడకి ఎలా వచ్చిందో నేనిక్కడ రాయను. అది తెలుసుకోవాలని మీకు ఈపాటికే అనిపించి ఉంటే ఈ వ్యాసం దాని గురించే.

2011లో, ఇంజినీరింగ్ చదువుతూ, కథల పోటీకి ఆవిడ మీద కథ రాశాను. అన్‌ఫిట్ కాయితం, గోదావరి గట్టు, వాన. బుగ్గలు లోతుకు పోయిన మొహాన్ని రెండు పేరాలు వర్ణించాను. చివర్లో ఆవిణ్ణి చంపేశాను. చంపకపోతే కథ ఎలా ముగుస్తుంది? కన్సొలేషన్ బహుమతి వచ్చింది.

అప్పటికి అత్త మందులు మొదలెట్టి మూడేళ్ళు. ఎయిడ్స్ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లోనే మొదలైంది. కానీ అప్పటి నియమం ప్రకారం రక్తంలో సీడీ4 కణాలు 200 కంటే తగ్గితేనో, జబ్బు లక్షణాలు బయటపడితేనో మందులు. ఆవిడకి 240. అంటే ఇంకాస్త జబ్బుపడి రమ్మని. 2008లో టీబీ వచ్చింది. మన దేశంలో హెచ్ఐవీ ఉన్నవాళ్ళని ఎక్కువగా పొట్టన పెట్టుకునేది టీబీయే. దానికీ దీనికీ కలిపి వైద్యం మొదలైంది. టీబీ మందుకి మూత్రం ఎర్రగా వస్తుందని ఎవరూ చెప్పకపోవడంతో రక్తం పోతోందనుకుని రెండు రోజులు ఏడ్చిందట. నెలనెలా అమలాపురం వెళ్ళి, అక్కణ్ణుంచి ఎదుర్లంక వారధి దాటి, యానాం మీదుగా కాకినాడ. ఇవేవీ నా కథలో లేవు. నేను అడగలేదు.

ఇంకో సంగతి. నేను రెండు పేరాలు వర్ణించిన ఆ లోతు బుగ్గలు జబ్బువి కావు. ఆ రోజుల్లో ఇచ్చిన స్టావుడిన్ అనే మందు ముఖంలో కొవ్వుని కరిగించేస్తుంది. దానివల్ల ఎంతోమంది బుగ్గలు అలా పోయాయి. తర్వాత ఆ మందు మానేశారు. అంటే నేను చావు గుర్తు అనుకుని రాసింది మనిషిని బతికిస్తున్న మందు గుర్తు. ఆ మొహాన్ని చూసి ‘దీనికి అదే’ అని గుసగుసలాడిన మా వీధివాళ్ళకీ, కథకుణ్ణి నాకూ తేడా ఏముంది?

రోగాన్ని రోగంగా చూడనివ్వకుండా ఉపమానాలు ఎలా అడ్డుపడతాయో సూసన్ సోంటాగ్ 1989లోనే ‘ఎయిడ్స్ అండ్ ఇట్స్ మెటఫర్స్’లో రాసింది. ముఖ్యంగా యుద్ధభాష. మన స్కూలు పాఠాల్లో తెల్ల రక్తకణాలు సైనికులు, శరీరం కోట. కోట కూలిందంటే ఎవడో తలుపు తీసి ఉంటాడు. వాడెవడు? చూశారా, మళ్ళీ పులిరాజా దగ్గరికే వచ్చాం. తెలుగులో ఈ జబ్బు చుట్టూ ఉన్న పేర్లు వరసగా పెట్టి చూడండి. ఒకటి పులి. ఇంకోటి కాలుతున్న పూలతోట. సలీం గారు ఎయిడ్స్ నేపథ్యంలో రాసిన ఈ నవలకి 2010లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అలాంటి వస్తువుని తీసుకోవడానికే ధైర్యం కావాలి, ఆ గౌరవం నాకుంది. నవల మీద విడిగా రాయాలి. ఇక్కడ పేరు వరకే నా మాట: తోట కాలుతూ ఉంటే చూసేవాడు గట్టు మీద నిలబడి ఉండాలి. మొక్కకి ఉపమానాలు ఉండవు.

మూడో పేరు రాత్రి. 2008లో ‘ఎయిడ్స్ సూత్ర’ అనే ఇంగ్లిష్ సంకలనం వచ్చింది. గేట్స్ ఫౌండేషన్ పూనికతో పదహారుమంది రచయితలు దేశం నలుమూలలకీ వెళ్ళి రాసిన పుస్తకం. సల్మాన్ రష్దీ, విక్రమ్ సేఠ్, సునీల్ గంగోపాధ్యాయ, విలియం డాల్‌రింపుల్ వంటివాళ్ళు ఉన్నారందులో. మన గోదావరికి వచ్చింది కిరణ్ దేశాయ్. వ్యాసం పేరు ‘నైట్ క్లెయిమ్స్ ద గోదావరి’. గోదావరిని రాత్రి తనది చేసుకుందని.

మన నది మీద పెద్ద రచయిత్రి రాసింది కదా అని ఆశగా చదివాను. వాక్యాలు బాగుంటాయి, జాలి ఒలకబోయదు, అది నిజం. కానీ ఆ పుస్తకం విషయసూచిక చూస్తే సెక్స్ వర్కర్లు, లారీ డ్రైవర్లు, మత్తుమందులు వాడేవాళ్ళు, హిజ్రాలు, పోలీసులు. కొన్ని మినహాయింపులు లేకపోలేదు. పెళ్ళి ఆగిపోయి కోర్టుకెక్కిన ఒక మనిషి కేసు మీద నికితా లాల్వానీ రాసిన వ్యాసం వాటిలో ఒకటి. మొత్తమ్మీద మాత్రం ప్రాజెక్టు కాయితాల్లో ‘హై రిస్క్ గ్రూపులు’ అని ఉండే పట్టికకి ఒక్కో గడికి ఒక్కో రచయితని పంపించినట్టు ఉంటుంది. గోదావరి డెల్టా గడిలో పడింది కళావంతులు.

కులవృత్తిగా వారసత్వంగా వచ్చిందనే మాట కళావంతుల గురించి ఎవరు రాసినా తప్పదు. అయితే ఏది వారసత్వం? మాకు దగ్గర్లోనే ఉన్న ముమ్మిడివరంలో అన్నాబత్తుల కుటుంబం స్త్రీలు తరాలుగా గొల్ల కలాపం ఆడారు. అందులో పిండోత్పత్తి ఘట్టం ఉంటుంది. కడుపులో పిండం ఎలా ఏర్పడుతుందో, ఎలా పెరుగుతుందో ఒక గొల్లభామ బ్రాహ్మడికి విడమరిచి చెబుతుంది. శరీరం లోపలి సంగతుల్ని తెలుగులో నడివీధి రంగస్థలం మీద నిలబడి చెప్పిన ఆడవాళ్ళు వాళ్ళు. డేవేష్ సొనేజీ లాంటి పరిశోధకులు వెళ్ళి వాళ్ళ పాటలూ జ్ఞాపకాలూ విన్నారు. ఎయిడ్స్ సాహిత్యం దగ్గరికొచ్చేసరికి వాళ్ళు రాత్రి అయిపోయారు. నాకు ఆ వ్యాసంతో పేచీ ఇక్కడే.

పుట్టుకతో వచ్చేదాని గురించి మనకి అసలు సాహిత్యమే లేదు. ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ పుట్టుకతోనే లోపంగా ఉండటం వేరే జబ్బు, హెచ్ఐవీకి సంబంధం లేదు. 1952లో అమెరికాలో ఆగ్డెన్ బ్రూటన్ అనే డాక్టర్, పదేపదే ఇన్ఫెక్షన్లతో వస్తున్న ఎనిమిదేళ్ళ పిల్లాడి రక్తంలో గామా గ్లోబ్యులిన్ లేదని కనిపెట్టి, దాన్నే ఇంజెక్షన్‌గా ఇచ్చాడు. ఇప్పుడు ఇలాంటివి 450కి పైగా లోపాలు లెక్క తేలాయి. కొన్ని తల్లి ద్వారా మగపిల్లలకే వస్తాయి. కొన్ని తల్లీతండ్రీ ఇద్దరి దగ్గరా అదే జన్యులోపం ఉంటేనే బయటపడతాయి, మేనరికాల్లో వీటికి ఆస్కారం ఎక్కువ. మనకి మేనరికాలు తక్కువా? మరీ తీవ్రమైన రకంతో పుట్టిన బిడ్డకి, అందరు పిల్లలకీ మేలు చేసే బీసీజీ టీకాయే ప్రాణం మీదికి తెస్తుంది. ఎందుకంటే అందులో ఉండేది బలహీనపరిచినదైనా బతికున్న క్రిమి. అంతకుముందు ఆ ఇంట్లో పసిబిడ్డలు పోయారా అని ఒక్క ప్రశ్న అడిగితే కొందరినైనా ముందే గుర్తుపట్టొచ్చు.

ఆ ప్రశ్నకి జవాబు మన పేర్లలో ఉంది. పెంటయ్య, పెంటమ్మ, తవుడు, పుల్లయ్య. పిల్లలు నిలవని ఇంట్లో పుట్టిన బిడ్డని పెంట మీద పడుకోబెట్టి, తవుడుకి అమ్మి, ఎంగిలి విస్తట్లో దొర్లించి పెట్టిన పేర్లు. ఆ మరణాల్లో ఎక్కువ భాగం పేదరికానివీ, విరేచనాలవీ, మశూచివీ అయ్యుంటాయి. కానీ ‘ఆ ఇంట్లో మగపిల్లలు నిలవరు’ అన్న మాట విన్నప్పుడల్లా నాకిప్పుడు బ్రూటన్ దగ్గరికి వచ్చిన పిల్లాడు గుర్తొస్తాడు. మన కథల్లో పసిబిడ్డ చావు తల్లి దుఃఖం కోసం వస్తుంది, వెళ్ళిపోతుంది. ఎందుకు పోయాడని ఏ పాత్రా అడగదు. పెద్దవాళ్ళ జబ్బుకేమో ఎవరి వల్ల అని తప్ప ఇంకోటి అడగరు.

ఈ రెండూ ఒకసారి ఎదురుపడ్డాయి కూడా. 1980ల మొదట్లో న్యూయార్క్, నెవార్క్ ఆసుపత్రుల్లో కొందరు పసిపిల్లలు వింత ఇన్ఫెక్షన్లతో చేరితే, ఇది పుట్టుకతో వచ్చిన లోపమే అన్నారు చాలామంది. కాదు, ఇది ఎయిడ్సే అని ఆర్యే రూబిన్‌స్టైన్, జేమ్స్ ఒలెస్కీ లాంటి డాక్టర్లు అంటే నమ్మడానికి వైద్యలోకం ఇష్టపడలేదు. పసిబిడ్డ ఏ తప్పు చేసిందని? పులిరాజా లెక్కలోకి రాని రోగిని చూసేసరికి డాక్టర్లే తడబడ్డారు.

2011 అన్నాను కదా, నేను కథ రాసిన ఏడాది. సరిగ్గా అప్పుడే హెచ్‌పీటీఎన్ 052 అనే పరిశోధన ఫలితాలు వచ్చాయి. భార్యాభర్తల్లో ఒకరికే హెచ్ఐవీ ఉన్న జంటల్ని ఏళ్ళ తరబడి గమనించారు. త్వరగా మందులు మొదలెడితే రెండోవాళ్ళకి సోకడం 96 శాతం తగ్గింది. ఆ జంటల్లో మన పక్కనే చెన్నైవాళ్ళూ, పుణేవాళ్ళూ ఉన్నారు. 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంతున్నా, పాజిటివ్ అని తేలగానే మందులు. అదే ఏడాది రోజుకో మాత్ర చొప్పున వేసుకునే డోలుటెగ్రవిర్ మందుని పేద దేశాలకి మనిషికి ఏడాదికి 75 డాలర్లకే ఇస్తామని ఒప్పుకున్న రెండు కంపెనీల్లో ఒకటి హైదరాబాద్ అరబిందో. మాత్ర మన దగ్గర తయారైంది. కథ తయారవలేదు. ఒకరికి ఉండి ఇంకొకరికి లేని జంట, మాత్ర వేసుకునే టైముకి చుట్టాలొస్తే డబ్బా ఎక్కడ దాచాలన్న తంటా, పాజిటివ్ తల్లికి నెగటివ్‌గా పుట్టి ఇప్పుడు డిగ్రీ చదువుతున్న కూతురు. వీళ్ళందరూ మీరుండే అపార్టుమెంట్లలోనే ఉన్నారు. మన కథల్లో మాత్రం ఇంకా 2003 నడుస్తోంది, ఆఖరి పేజీలో ఇంకా వాన పడుతోంది.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అత్త ఇంటికెళ్ళాను. మిషన్ కుడుతోంది. బుగ్గలు పూర్తిగా నిండలేదు గానీ మనిషి ఒళ్ళు చేసింది. కథ సంగతి ఎవరో ఎప్పుడో చేరేసినట్టున్నారు.

“నన్ను చంపేశావంటగా అబ్బాయ్” అంది, దారం పళ్ళతో కొరుకుతూ.

ఏం చెప్పాలో తెలీక, ఇప్పుడు ఎలా ఉంది అత్తా అన్నాను. పదిహేనేళ్ళ తర్వాత అడిగిన మొదటి ప్రశ్న.

“అదేం చెయ్యట్లేదురా, దాని మానాన అది ఉంది. ఇప్పుడు షుగరొచ్చింది. డాక్టరమ్మ దానికే తిడతంది” అని లేచి టీ పెట్టింది. నా గ్లాసులో రెండు చెంచాలు వేసి, తన గ్లాసు మీద చెంచా పట్టుకుని కాసేపు ఆగి, డబ్బా మూత పెట్టేసింది.