చూరు కింది మదనిక

రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక పాలంపేట దారిలో జనం పెరిగారు. సంతోషమే. కానీ అక్కడికి దగ్గర్లోనే, భూపాలపల్లి జిల్లా గణపురంలో ఉన్న కోటగుళ్ల దాకా వెళ్లేవాళ్లు తక్కువ. కాకతీయ శిల్పి పనితనం అర్థం కావాలంటే రెండూ చూడాలంటాను. రామప్పలో శిల్పం చూస్తాం, కోటగుళ్లలో కట్టడం చూస్తాం. ప్రాకారం లోపల ఇరవైకి పైగా గుళ్లు, వాటిలో పెద్దది గణపేశ్వరాలయం. రాయి జారి, కప్పు కూలినచోట ఏ రాయిని దేనికి ఎలా కూర్చారో బయటపడుతుంది.

నన్ను పట్టి నిలిపేది చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన రాళ్లు. ఏనుగు మీద స్వారీ చేసే, సగం మనిషి సగం సింహం రూపాలు కోటగుళ్ల ప్రత్యేకత. రామప్పలో ఆ చోట నల్లరాతి స్త్రీ రూపాలు, అంటే మదనికలు, పన్నెండు మంది. కాలి ముల్లు తీయించుకునే అమ్మాయి ఒకరు, మద్దెల వాయించే అమ్మాయి ఇంకొకరు. ఆ రాయి కింది కొస స్తంభానికి, పై కొస చూరుకు అందాలి. వాలు ముందే ఖాయం, వెడల్పూ ఖాయమే. ఆ ఇరుకులో శిల్పి మనిషిని కుదర్చాలి. ఆమె నడుము ఒంపు, మోకాలి మడత అందం కోసమేనని అనుకుంటాం. నాకు మాత్రం ముందు కొలత, ఆ తర్వాతే అందం అనిపిస్తుంది. కట్టడం పెట్టిన షరతును నాట్య భంగిమగా మార్చడమే ఆ చేతి గొప్పతనం.

ఈ ఊహ కాకతీయులతో పుట్టింది కాదు. సాంచీ తూర్పు తోరణంలో దూలం కొస కింద చెట్టు కొమ్మ పట్టుకుని వాలిన స్త్రీ ఉంది. అదే స్తూపం దక్షిణ తోరణం మీద శాతకర్ణి రాజు శిల్పులకు పెద్ద అయిన ఆనందుడి దానశాసనం ఉంది. బౌద్ధ తోరణాలు మనకూ దూరం కావు. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తవ్వకాల్లో బయటపడ్డ తోరణ శిల్పం 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లింది. సాంచీ స్త్రీకీ రామప్ప మదనికకూ మధ్య పన్నెండు వందల ఏళ్లకు పైగా ఎడం. మతం మారింది, రాయి మారింది. అయినా ఇద్దరూ ఒకే ఇంటి ఆడపడుచులే అనిపిస్తారు.

రామప్ప 1213 శాసనం గుడి కట్టించింది సేనాని రేచర్ల రుద్రుడని చెబుతుంది. గుడికి మాత్రం జనం శిల్పి పేరే నిలుపుకొన్నారు. ఆ తీర్పు నాకు చాలా ఇష్టం.

ఈసారి రామప్పకు వెళ్తే పొద్దు వాలకముందే గణపురం వైపు బండి మళ్లించండి. పిల్లల్ని తీసుకెళ్లి చూరు కింద నిలబెట్టి తల ఎత్తి చూడమనండి. పడి ఉన్న రాళ్ల మీద ఎక్కనివ్వకండి, పేర్లు చెక్కనివ్వకండి.