పచ్చదనం ఒక్కటే అందమా?

మాది యాడికి. అనంతపురం జిల్లాలో, తాడిపత్రికి దగ్గర. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే మా ఊరి పేరుతో ప్రయాణాల్లో వచ్చే తంటా అంతా ఇంతా కాదు. మొన్న రాజమండ్రి వెళుతుంటే రైల్లో ఎదుటి సీటావిడ "ఎక్కడినుంచండీ?" అని పలకరించింది. "యాడికి నుంచి" అన్నాను. "ఎక్కడికి అని కాదండీ, ఎక్కడినుంచి అని అడుగుతున్నా" అందావిడ. మా సీమ మాటలో 'యాడికి' అంటే 'ఎక్కడికి' అనేగా మరి! ఆవిడకు విడమర్చి చెప్పేసరికి ఒక స్టేషను దాటిపోయింది.

మేం నలుగురం. నేను, టీచరక్క, పక్కింటి వదిన, ఆమె చెల్లెలు. పిల్లల చదువులూ, పెళ్ళిళ్ళూ ఒక ఒడ్డుకు చేరాక, ఒక్కసారైనా కోనసీమ చూడాలని చీటీ డబ్బుతో బయలుదేరాం. రాజమండ్రిలో ఒక కారూ, దారి చూపించడానికి ఒక కుర్రాడూ కుదిరారు. ధవళేశ్వరం, ఆత్రేయపురం, అమలాపురం, గన్నవరం, అంతర్వేది, దిండి... మూడు రోజులు తిరిగాం.

అయితే నేను రాస్తున్నది ఆ యాత్ర గురించి కాదు. ఆ యాత్ర మీద మా వదిన రాసిన వ్యాసం గురించి.

వదినకు చదవడమంటే ప్రాణం. నాయని కృష్ణకుమారిగారి 'కాశ్మీర దీపకళిక' లైబ్రరీనుంచి తెచ్చుకుని చదివిన నాటినుంచీ తనూ ఒక యాత్ర రాయాలని కోరిక. ఇంటికి వచ్చిన వారానికల్లా గీతల నోటుబుక్కులో ఎనిమిది పేజీలు రాసి నా చేతికిచ్చి, "మొగమాటం లేకుండా చెప్పు వదినా" అంది. మొగమాటం లేకుండా చెప్పమన్నవాళ్ళకు నిజంగా అట్లా చెబితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. అయినా చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను, ఆమె అనుమతితోనే.

ముందు బాగున్నది చెప్పాలి. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంట్లో మేం కూర్చున్న అరగంటనూ వదిన ఒక పేజీలో రాసింది. బోర్లించిన కుండ, దాని కింద మంట, పల్చని బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను కుండ మీద అట్లా పరిచి ఇట్లా లాగెయ్యడం, కాగితంకన్నా పల్చని రేకు లేవడం. అంతా రాసి, ఆ రేకు తీసే అమ్మాయి వేళ్ళ కొసలు ఎట్లా ఉన్నాయో కూడా రాసింది. పొయ్యి దగ్గర నలభై ఏళ్ళు గడిపిన మనిషి మాత్రమే ఆ వేళ్ళను చూస్తుంది. ఆ పేజీ చదివి, ఈమె రచయిత్రే అనుకున్నాను.

మరి తక్కిన ఏడు పేజీలు? కొబ్బరిచెట్లు తలలూపి స్వాగతం పలికాయి. వరిచేలు పచ్చని తివాచీ పరిచాయి. ప్రకృతి కాంత పచ్చచీర కట్టింది. కోనసీమ కేరళను తలపించింది. ఇవన్నీ మనం ఎన్నిసార్లు చదవలేదు? కేరళ ఎన్నడూ చూడని వదినకు కోనసీమ కేరళను ఎట్లా తలపించిందో నాకు అర్థం కాలేదు. ఎవరో రాసిన మాటలు ఇంకెవరో తీసుకుని, వాళ్ళ దగ్గర మనం అప్పు తెచ్చుకుంటే, చివరికి కళ్ళతో చూసిందేమిటి?

ఈ దోషం మా వదిన ఒక్కదానిదే కాదు. యాత్రా వ్యాసాలలో ఎక్కువ భాగం ఇట్లాగే ఉంటాయి. మా గైడు కుర్రాడూ అదే పాట. మంచివాడే పాపం, కానీ ప్రతి మలుపులోనూ "ఇక్కడ దిగండి మేడం, ఫొటో బాగా పడుద్దండి" అనేవాడు. గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న ఆ దీవిని చూపించి, "ఇదంతా దేవుడిచ్చిన వరమండి" అన్నాడు. వదిన ఆ మాటను అట్లాగే ఎక్కించింది.

దేవుడు నది ఇచ్చాడు, ఒండ్రుమట్టి ఇచ్చాడు, కాదనను. కానీ మేం మొదట చూసింది ధవళేశ్వరమే కదా! అక్కడ కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ రోజుల్లో రాళ్ళు మోసిన కూలీలెందరో! అంతకుముందు అదే గోదావరి సీమలో జనం ఒక ఏడు వరదకూ ఒక ఏడు కరువుకూ అల్లాడారు. గన్నవరం దగ్గర చూశామే, వైనతేయ పాయ కింద పారుతుంటే దాని నెత్తిమీదుగా కాలువ నీళ్ళు అవతలి లంకకు పోతాయి. పాత అక్విడక్టు 1850లలో కట్టింది, కొత్తది 2000లో వచ్చింది. కొత్తదానికి పెట్టిన పేరేమిటో తెలుసా? డొక్కా సీతమ్మగారి పేరు. ఆ లంకలో ఆకలన్నవాళ్ళకు వేళ కాని వేళ కూడా వండి వడ్డించి, 1909లో కన్నుమూసిన తల్లి ఆవిడ. నీళ్ళు మోసే వంతెనకు అన్నం పెట్టిన ఆడదాని పేరు! ఇంతకన్నా రాయవలసింది ఏముంది? వదిన వ్యాసంలో అక్కడ ఒక్కటే వాక్యం: గాలి చల్లగా వీచింది, అని.

ఆ పచ్చదనం వెనక కష్టాలు లేవా? 1996 నవంబరు 6 రాత్రి తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, లక్షల కొబ్బరిచెట్లను కూల్చింది. 2011లో అక్కడి రైతులు గిట్టుబాటు లేక పంట విరామం ప్రకటించి, చేలో నీళ్ళుండీ నాట్లు వెయ్యలేదు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊరి చెరువులు నింపి పెట్టుకుంటారు. తివాచీ అనే మాట వేసేసరికి ఇవన్నీ దాని కిందికి పోయాయి.

ఇంకా పెద్ద లోపం ఒకటుంది. అది చెప్పడానికే నాకు నోరు రాలేదు.

రెండో రోజు పొద్దున, ఒక కాలువ మెట్ల మీద ఒకావిడ గిన్నెలు తోముతోంది. ఒక్కొక్క గిన్నెనూ పారే నీళ్ళలో నాలుగైదుసార్లు జాడిస్తోంది. వదిన కారు ఆపించి, దిగి, అట్లాగే నిలబడిపోయింది. "ఇన్ని నీళ్ళా! ఈ యమ్మ గిన్నెలు కడిగే నీళ్ళతో మా ఇంట్లో రెండు దినాలు గడిచేవే" అంది. కారెక్కాక చెప్పుకొచ్చింది. కొత్తకోడలుగా వచ్చిన ఎండాకాలం, నడిరేయి లేచి బావి దగ్గర ఊట కోసం కాచుకోవడం, చెంబుతో తోడి బిందె నింపడం, ఆ బిందె గడపలో జారి ఒలికితే అత్తగారు కొట్టలేదు గానీ, తడిసిన మట్టిని చూస్తూ కూర్చుని ఏడ్చిందట. అత్తాకోడళ్ళిద్దరూ ఏడ్చారట. కారులో ఎవరం మాట్లాడలేదు. గైడు కుర్రాడు కూడా ఆ తర్వాత రెండు మలుపులు ఫొటో మాట ఎత్తలేదు.

ఎనిమిది పేజీల్లో ఇది ఒక్క అక్షరం లేదు! "ఎందుకు రాయలేదు వదినా?" అంటే, "అది సొగసుగా ఉండదు కదా. మన ఊరి కష్టం మన ఊర్లోనే ఉండనీ. చదివేటోళ్ళకు ఏడుపెందుకు?" అంది.

నేను ఒప్పుకోను. తెలుగులో యాత్ర రాసిన తొలివాళ్ళలో ఏనుగుల వీరాస్వామయ్యగారున్నారు. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయలుదేరి, కడప మీదుగా కాశీకి వెళ్ళి మరుసటి ఏడు తిరిగివచ్చారు. 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ దుకాణాలున్నాయి, దారి ఇసుకా రాయా, ఆయన ఇవన్నీ రాశారు. అవి సొగసు కోసం రాసినవి కావు. కాబట్టే ఇప్పటికీ చదువుతున్నాం. మా జిల్లావారే విద్వాన్ విశ్వంగారు ఎండిన పెన్న మీద 'పెన్నేటి పాట' కావ్యమే రాశారు. ఎండిన ఏరు కావ్యమైతే, ఎండిన బావి వ్యాసంలో ఒక పేరాకు పనికిరాదా?

ఇక ముగింపు. "ఆ పచ్చదనం చూశాక మన ఊరికి రాబుద్ధి కాలేదు" అని రాసింది వదిన. నిజంగా? దిండిలో మూడో రోజు రాత్రి "జొన్నరొట్టె తిని ఎన్ని దినాలైందో" అన్నది ఎవరు? మా జిల్లాలో ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, నిజమే. అందుకే మావాళ్ళు నీటిచుక్కను దేవుడి పక్కన పెట్టారు. తాడిపత్రిలో పెన్న ఒడ్డున రామలింగేశ్వరుడి పేరు ముందు 'బుగ్గ' అని ఉంది. బుగ్గ అంటే ఊట. లింగం దగ్గర ఊరే ఆ నీళ్ళను చూడటానికి మేం చిన్నప్పుడు గర్భగుడి ముందు తోసుకునేవాళ్ళం. నీళ్ళ విలువ తెలిసిన ఆ కళ్ళతో కోనసీమను చూసే భాగ్యం అక్కడ పుట్టినవాళ్ళకు కూడా లేదు. వదినకుంది. దాన్ని దాచిపెట్టి, అరువు కళ్ళద్దాలు పెట్టుకుంది.

ఇదంతా చెప్పాను. వదిన నోటుబుక్కు తీసుకుని మాట్లాడకుండా వెళ్ళిపోయింది. రెండు రోజులు గోడమీదనుంచి పలకరింపు లేదు. నా నోటిదురుసును నేనే తిట్టుకున్నాను. మూడోనాడు పొద్దున, కొళాయి దగ్గర బిందె పెట్టి, నావైపు చూడకుండానే అడిగింది.

"ఆ బిందె సంగతి ఎక్కడ పెట్టాలంటావు? మొదట్లోనా, కాలువ దగ్గరా?"

"కాలువ దగ్గరే పెట్టు వదినా" అన్నాను.

"పూతరేకుల పేజీ మాత్రం తియ్యను" అంది, బిందె ఎత్తుకుంటూ.