కనిపెట్టుకుని కూర్చున్నవాళ్ళు

పురిటాలిని కనిపెట్టుకుని ఉండమంటాం. కోతకొచ్చిన చేనును కనిపెట్టుకుని ఉండమంటాం. ఎవరికీ తెలియనిది ఒకడు తెలుసుకుంటే కనిపెట్టాడంటాం. కాపలా, ఉపచారం, ఎరుక అన్నీ ఇమిడిన ఈ మాటనే తెలుగు బైబిలు దేవుని కోసం ఎదురుచూడటానికి వాడుకుంది. మన సంఘాలకు దక్కిన ఆస్తుల్లో ఇంత గొప్పది ఇంకొకటి నాకు కనబడదు.

మా నాయనమ్మ తరం విశ్వాసులు కనిపెట్టడాన్ని మగ్గం పని నేర్చుకున్నట్టు పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్నారు. పిల్లకు సంబంధం వచ్చినా, కొడుక్కి దూరపు ఊళ్ళో ఉద్యోగం వచ్చినా వెంటనే ఔననేవాళ్ళు కాదు. "కనిపెడదాం" అనేవాళ్ళు. ఆ ఒక్క మాట వెనక ఎంత పనితనం ఉందో నాకు చాలా ఏళ్ళకు గాని అర్థం కాలేదు.

మొదటి పని మనసును నిమ్మళించడం. దేవదాసు అయ్యగారు దీన్నే మనోనిదానం అన్నారు. 1938లో ఆయన బైబిలు మిషనును స్థాపించిన నాటి నుంచి అక్కడివాళ్ళకు ఇది ఓనమాలతో సమానం. అడగాల్సినవన్నీ అడిగేశాక లేచి వెళ్ళిపోతే ప్రార్థన సగంలో ఆగినట్టే. మిగతా సగం నోరు మూసుకుని సన్నిధిలో కూర్చోవడం. ఈ విషయంలో అయ్యగారి శిష్యులకు సాటి వచ్చేవాళ్ళను నేనింకా చూడలేదు.

తర్వాతది మహా కష్టం. మన ఇష్టాన్ని తీసి పక్కన పెట్టాలి. "ఔనన్నా స్తోత్రం, కాదన్నా స్తోత్రం అని నోరు తిరిగేదాకా అడగొద్దురా" అనేది నాయనమ్మ. వాక్యం కూడా వరసగా చదవాలి. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడిన వచనమే దేవుని జవాబని చెబితే ఆమె ఒప్పుకునేది కాదు. దానియేలు ఏం చేశాడో చూడండి. యిర్మీయా గ్రంథం చదివి చెర 70 ఏళ్ళని గ్రహించాడు. గడువు తెలిసింది కదా అని ఊరుకోకుండా గోనెపట్ట కట్టుకుని ఉపవాసానికి కూర్చున్నాడు. పౌలుకు ఆసియాలో తలుపు మూసుకుంది, బితూనియలోనూ మూసుకుంది. దేన్నీ తన్ని తెరవకుండా త్రోయ దాకా నడిచాడు. మాసిదోనియకు రమ్మన్న పిలుపు అక్కడ వచ్చింది.

ప్రసంగి మూడో అధ్యాయంలో 14 జతలుగా 28 కాలాలున్నాయి. వాటిలో మనకిప్పుడు నడిచేది ఏదో గుర్తుపట్టడమే ఈ విద్యంతా. రోహిణి ఎండలో నాట్లు వేయాలని ఏ రైతూ తొందరపడడు. సౌలు రాజు తొందరపడ్డాడు. గిల్గాలులో సమూయేలు కోసం ఏడు రోజులు ఆగినవాడు ఇంకాసేపు ఆగలేక తానే బలి అర్పించాడు. అది ముగిసీ ముగియగానే సమూయేలు వచ్చి ఎదుట నిలబడ్డాడు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు గుండె జారుతుంది.

ఇక మన ఒంగోలు. కనిపెట్టడమంటే ఏమిటో లోకానికి చూపించిన ఊరది. మాది బాప్టిస్టు ఇల్లు గనక ఇలా అంటున్నానని లూథరన్ మిత్రులు అంటారు. అననీ. 1853లో అమెరికాలోని ఆల్బనీలో బాప్టిస్టు పెద్దలు సమావేశమై, ఏళ్ళ తరబడి ఫలం లేని నెల్లూరు మిషనును మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. కొద్ది నెలలకు, 1854 జనవరి 1న, తెల్లవారుజామునే ఐదుగురు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కారు. ఆ నెల్లూరు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, నరసు అనే బోధకుడు, జూలియా, రూతు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ మనిషి, జాన్ క్లౌ, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో 12 ఏళ్ళు ఆ కొండ మీది ప్రార్థనే ఆధారం.

అసలు ఘనకార్యం ఆ తర్వాతది. 1876–78 కరువులో జనం రాలిపోతుంటే క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలు. పగలు తవ్వకం, పొద్దుగూకితే వాక్యం. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటబడ్డారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలాలని, కరువు సాయం నడిచినంత కాలం, 15 నెలల పాటు, ఒక్కరికీ ఇవ్వలేదు! పిలిస్తే వచ్చే జనాన్ని కళ్ళెదుట పెట్టుకుని ఆగడం ఎంతమందివల్ల అవుతుంది? కరువు పనులు ముగిశాక కూడా వాళ్ళు వచ్చారు. చేతులమీది బొబ్బలు చూపించి, మాకు సాయం అక్కర్లేదు, బాప్తిస్మం ఇవ్వండి అన్నారట. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఆ అంకె చెప్పి మురిసిపోతారు. నేను తలవంచేది ఆ 15 నెలలకు.

భక్త సింగ్ గారిదీ ఇదే బడి. పంజాబులో సిక్కు ఇంట పుట్టి, మద్రాసు దగ్గర పల్లావరం కొండమీద తోటివారితో రాత్రంతా ప్రార్థనలో గడిపి, 1941లో ఆ నగరంలో సంఘం కట్టాడు. హైదరాబాదులోని హెబ్రోను సంఘం ఆ తర్వాతది. జీతం లేదు, చందాల అభ్యర్థన లేదు. ఏ నిర్ణయమైనా ముందు మోకాళ్ళ మీదికి వెళ్ళాల్సిందే.

మరి ఇవాళ మనం చేస్తున్నదేమిటి? డిసెంబరు 31 రాత్రి బుట్టలోంచి వాగ్దానం కార్డు తీసి, ఇదే నాకు ఈ ఏటి మాట అని ఫోనులో ఫొటో పెడుతున్నాం. కార్డు తప్పు కాదు, అందులో ఉన్నది దేవుని వాక్యమే. దాన్ని లాటరీ టికెట్టులా తీయడం తప్పు. టీవీలో ఒకాయన ఈ నెలలోనే నీ పెళ్ళి అంటాడు. ఇంకొకాయన ముందు విత్తనం కానుక పంపు, నీ సమయం దగ్గరికొస్తుంది అంటాడు. దేవుని సమయానికి రేటు కట్టే ధైర్యం వీళ్ళకు ఎవరిచ్చారు? ఇలాంటి మాట నమ్మి, వచ్చిన మంచి సంబంధం వదులుకుని, చెప్పిన నెల దాటిపోయాక చర్చి గడప తొక్కడమే మానేసిన ఆడపిల్ల నాకు తెలుసు. ఆ పిల్ల ముఖం గుర్తొస్తే కోపం ఆగదు. రాత్రి జాగరణ ప్రార్థనల్లో కీబోర్డూ డ్రమ్సూ ఆగవు, పన్నెండున్నరకు బిర్యానీ పొట్లాలు వస్తాయి. నిశ్శబ్దంగా పది నిమిషాలు కూర్చుంటే కరెంటు పోయిందనుకుంటారు జనం!

నాయనమ్మ దగ్గర ఒక రూళ్ళ నోటుబుక్కు ఉండేది. ఎడమ పేజీలో అడిగినది, అడిగిన తేదీ. కుడి పేజీలో జవాబు, దాని తేదీ. కొన్నిటి మధ్య మూడు రోజులు, ఒకదాని మధ్య 19 ఏళ్ళు. కొన్నిటికెదురుగా "వద్దన్నాడు" అని ఉంది, దానికీ తేదీ వేసింది. అలా నలభై ఏళ్ళు రాసిన మనిషికి ఏ తలుపు దేవుడు మూసిందో, ఏది తన భయం మూసిందో తెలియకుండా ఉంటుందా?

పాస్టరుగార్లకు నాదొక్కటే మనవి. ఈ డిసెంబరు 31న ఒక్క గంట మైకు కట్టేయండి. జనం ఇబ్బందిగా కదులుతారు, దగ్గుతారు, కదలనివ్వండి. పెళ్ళీ ఉద్యోగమూ ఎప్పుడని ఆత్రపడే పిల్లలకు కార్డు బదులు నోటుబుక్కు ఇచ్చి, వెనక వరసలో చాప మీద కూర్చునే ముసలమ్మల దగ్గరికి పంపండి. ఏం చేయాలో వాళ్ళు చెబుతారు. తొందరగా పంపండి. మా సంఘంలో అలాంటివాళ్ళు ఇద్దరే మిగిలారు.