బాలింత ఇంటికొచ్చే మనిషి

నెదర్లాండ్స్‌లో కాన్పయిన మర్నాడే ఇంటికి పంపేశారు. అమ్మకింకా వీసా రాలేదు. పొద్దున్నే తలుపు తట్టింది క్రామ్‌జోర్గ్ ఆవిడ. కాన్పయ్యాక ఇంటికొచ్చి తల్లీబిడ్డలను చూసుకోవడమే ఆమె వృత్తి; మామూలుగా 8 రోజులు, మొత్తం 49 గంటలు. ఆమె నడుము పట్టేయకుండా మంచాన్ని ముందే దిమ్మెల మీదికి ఎత్తించాలి.

చేతులు వేడినీళ్ళలో కడుక్కుని, వెచ్చబడ్డాకే నా పొట్ట మీద ఆనించింది. గర్భసంచి ఎంత దిగిందో వేళ్ళతో కొలిచి పుస్తకంలో రాసుకుంది. పాప రొమ్ము పట్టక గుక్కపెడుతుంటే నన్ను పక్కకు తిప్పి, చిన్ని గడ్డం కాస్త కిందికి లాగి పట్టించింది. మొదటి గుటక చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చేసింది.

నలుగు, సాంబ్రాణి ఆమెకు తెలియవు. సోంపు మిఠాయి చల్లిన రస్కు తినిపించింది, పాలు పడతాయని. మా అమ్మమ్మ మాటే అది! చివరి రోజు పాప గుడ్డలన్నీ మడతపెట్టి మరీ వెళ్ళింది.