సేతువు – వారధి

భిన్న సంస్కృతుల కలయికను గూర్చి వ్రాయువారు తరచుగా వాడు మాటలు రెండు: సేతువు, వారధి. తెలుగున ఇవి పర్యాయపదములుగా చెల్లుచున్నవి. అయినను వీనిలో మొదటిది మాత్రమే ఇరుగుపొరుగు భాషలలోనికి అదే అర్థముతో పోగలదు. సంస్కృతమున ‘వారిధి’ యనగా సముద్రము. హిందీలోను, వంగభాషలోను అంతే. తెలుగున ‘వారధి’ యనగా వంతెన. దాటవలసినదాని పేరు దాటించుదానికి వచ్చినట్లున్నది.

ఈ భేదము నిఘంటువులకే పరిమితము కాదు. పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణమున ఉపాధికై వచ్చిన తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్నవి. అందలి ఇందా వంటి పేటలలో తెలుగు, వంగభాష, హిందీ పక్కపక్కనే వినవచ్చును. అట్టిచోట నొక తెలుగు సభలో అనువాదకుని ‘వారధి’ యని కొనియాడినచో, హిందీ కావ్యములు చదివిన శ్రోతకు ముందుగా స్ఫురించునది సముద్రమే.

‘సేతువు’నకు ఆ చిక్కు లేదు, కాని దాని లోతు వేరు. సంస్కృతమున సేతు శబ్దమునకు వంతెనయే కాక గట్టు, ఎల్ల అను అర్థములును కలవు. ఛాందోగ్యోపనిషత్తు ఆత్మను సేతువుగా చెప్పుచు, లోకములు ఒకదానిలో నొకటి కలిసిపోకుండ నిలుపునది యనుచున్నది. రైతునకు ఇది వింత కాదు. పొరుగు పొలమునకు పోవు దారి గట్టు మీదనే. రెండు పొలములను వేరుగ నిలుపునదియు ఆ గట్టే.

నేటి సభలలో ఈ అర్థము మరుగుపడినది. భేదములను చెరపివేయునదే సేతువను భావము ప్రబలినది. ఒక దరి కోతకు గురియైన పిదప వంతెన దేనిపై నిలుచును? శరత్‌చంద్రుని నవలలను చక్రపాణి మొదలగువారు తెలుగునకు తెచ్చిరి. తెలుగు పాఠకులు ఆయనను తమవానిగానే చదువుకొనిరి. తెలుగు నవలలు వంగభాషలోనికి అంత విరివిగా పోలేదు. రాక యుండి పోక లేనిచో అది దిగుమతి యగును గాని సేతువు కాదు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నిచ్చుటకు ఆమోదము తెలిపినది. దీనిని దరికి వేసిన గట్టుగా నెంచవచ్చును. వంతెన కట్టుట ఇంకను పాఠకుల, అనువాదకుల పని. ఇందాలో పెరుగు తెలుగు బిడ్డ వంగభాష నేర్చుట సహజము, అవసరము. ఆ బిడ్డకు తెలుగు చదువను వ్రాయను రాని నాడు, రెండు భాషల అనువాదకుడు పుట్టదగిన ఇంట ఒక భాషయే మిగులును. సంస్కృతుల నడుమ సేతువును గూర్చి పలుకువారు అందుకే గట్టు అను పాత అర్థమును మరువరాదు.